బాణీ తీసుకోవాలా, బాట తీసుకోవాలా?

మాస్టారు: నువ్వు నా దగ్గర నేర్చుకుంటున్న ఆ అమ్మాయికి మాండొలిన్ శ్రీనివాస్ రికార్డు ఇచ్చి, అందులో ఉన్నది ఉన్నట్టు వయొలిన్ మీద తీయమన్నావట. నాకు నచ్చలేదు నాయనా. వర్ణాలు ఇప్పుడిప్పుడే కుదురుతున్న చెయ్యి అది. ఒక మహావిద్వాంసుడు ఏళ్ల తరబడి సాధకం చేసి చేరుకున్న చోటు నుంచి ఈ పిల్లను మొదలుపెట్టమంటున్నావు.

గిటారిస్టు: తప్పని నాకు అనిపించలేదు మాస్టారూ. జాజ్ నేర్చుకునేవాళ్లు తరతరాలుగా చేస్తున్నది ఇదే. నచ్చిన విద్వాంసుడి సోలో ఒకటి ఎంచుకుంటారు. స్వరం, లయ, ఊపిరి తీసుకునే చోటు, శ్రుతిని రవంత జార్చే చోటు, అన్నీ చెవితో పట్టి తమ వాద్యం మీద పలికిస్తారు. చార్లీ పార్కర్ సంగతే చూడండి. కాన్సస్ సిటీలో కుర్రవాడిగా ఉన్నప్పుడు పెద్దవాళ్లతో కలిసి వాయించబోయి దారి తప్పాడు. డ్రమ్మర్ జో జోన్స్ తాళపు పళ్లెం ఊడదీసి అతని కాళ్ల దగ్గర విసిరికొట్టాడు. 1937 వేసవిలో ఓజార్క్ కొండల్లోని ఒక విడిదిలో వాయించే పని దొరికితే, కౌంట్ బేసీ బృందం రికార్డులు వెంట పట్టుకుపోయాడు. వాటిలో లెస్టర్ యంగ్ వాయించిన సాక్సోఫోన్ సోలోలు కంఠస్థం చేసి తిరిగొచ్చాడు. ఆ తర్వాత అతణ్ని ఎవరూ వేదిక దించలేదు.

మాస్టారు: నువ్వు ఇచ్చిన ఆ ఇద్దరి రికార్డులూ నేను విన్నాను. లెస్టర్ యంగ్ తాపీగా, ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య చోటు వదిలి వాయిస్తాడు. పార్కర్‌కు ఆ తాపీ లేదు. లెస్టర్‌ది టెనర్ సాక్సోఫోన్, ఇతనిది ఆల్టో. 1939లో న్యూయార్క్‌లో 'చెరొకీ' పాట మీద పనిచేస్తూ, ఒకేసారి కలిపి పలికే స్వరాల కార్డుకు పైమెట్ల స్వరాల మీద కూడా పాట నడపవచ్చని తనంతట తాను కనిపెట్టాడు. పార్కర్ అంటే అదీ. నువ్వు చెప్పే వేసవిలో అతని చెవికి శిక్షణ దొరికింది. అతని సంగీతం మాత్రం ఆ రికార్డులు పక్కన పెట్టాక పుట్టింది.

గిటారిస్టు: శిక్షణ దొరికిందని మీరే ఒప్పుకున్నారు. నేను అడుగుతున్నదీ అంతే. గిటార్‌లో ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. వెస్ మాంట్‌గోమరీ ఇరవై ఏళ్ల వయసు దగ్గరలో చార్లీ క్రిస్టియన్ రికార్డు విని గిటార్ పట్టాడు. అతనికి నొటేషన్ చదవడం రాదు. క్రిస్టియన్ సోలోలను ఒక్కొక్కటిగా చెవితో తీశాడు. అవి ఉన్నవి ఉన్నట్టు వాయించగలిగినందుకే అతనికి మొదటి కొలువు దొరికింది. కానీ అతను ప్లెక్ట్రమ్ వదిలి బొటనవేలితో మీటేవాడు. ఆ వేలికి క్రిస్టియన్ నాదం రాలేదు, మెత్తగా, గుండ్రంగా వేరే నాదం వచ్చింది. ఇవాళ ప్రపంచం వెస్ అని గుర్తుపట్టేది ఆ నాదాన్నే. ఎంత అనుకరించినా చెయ్యి తనదే కదా మాస్టారూ! అనుకరణకు లొంగని భాగం ఒకటి ప్రతి మనిషిలోనూ ఉంటుంది. అదేమిటో తెలియాలంటే ముందు మనస్ఫూర్తిగా అనుకరించి చూడాలి.

మాస్టారు: మంచి మాట. దాన్ని తేలిగ్గా తీసెయ్యను. కానీ నువ్వు గట్టెక్కినవాళ్లనే లెక్కపెడుతున్నావు. పార్కర్ తర్వాత ఆల్టో పట్టిన కుర్రాళ్లలో ఎంతమంది పార్కర్‌లా వాయించి అక్కడే ఆగిపోయారో, వాళ్ల పేర్లు నువ్వు చెప్పలేవు, నేనూ చెప్పలేను. పేర్లు మిగలకపోవడమే నాకు సాక్ష్యం. ఇక శ్రీనివాస్ గారి సంగతి చూడు. 1969లో పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడాలి, పిల్లవాడు వాయించాలి. ఏ వేలు ఎక్కడ వేయాలో, గమకం ఏ తీగ మీద లాగాలో చెప్పే దిక్కు లేదు. చూసి నేర్చుకుందామంటే కర్ణాటక సంగీతంలో అంతకుముందు అలాంటి మాండొలిన్ విద్వాంసుడే లేరు. అందుకే జంట తీగలు తీసేసి ఒంటి తీగలు వేసుకున్నారు, ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నారు, ఐదో తీగ చేర్చుకున్నారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొమ్మిదేళ్ల వయసులో తొలి కచేరీ చేశారు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవానికి వెళ్లి, ఆ శ్రోతలకు కర్ణాటక సంగీతమే వినిపించి మెప్పించారు. నమూనా లేకపోవడం వల్ల పుట్టిన విద్య అది. దాన్నే నువ్వు ఇవాళ నమూనాగా ఎదుట పెడుతున్నావు.

గిటారిస్టు: వేళ్లకు నమూనా లేదు, ఒప్పుకుంటాను. చెవికి కూడా లేదంటారా? సుబ్బరాజు గారి గొంతులోంచి వచ్చిన ప్రతి సంగతినీ పొల్లు పోకుండా పట్టుకోవడమే కదా ఆ పిల్లవాడి పాఠం! నేను చేయిస్తున్నదానికన్నా కఠినమైన అనుకరణ అది. గొంతు పలికినదాన్ని మీటు వాద్యం మీద పలికించబోయినప్పుడు కొత్త దారి తెరుచుకుంది. మాండొలిన్ పలికినదాన్ని వయొలిన్ మీద తీయమని నేను చెప్పింది కూడా అందుకే. కమానుకు అలవాటు లేని ప్రశ్న ఎదురైతే, ఆ చెయ్యి ఏదో ఒక జవాబు వెతుక్కుంటుంది.

మాస్టారు: రెండింటికీ తేడా ఉంది. శిష్యుడు తప్పు పలికితే గురువు ఆపుతాడు. రెండు మూడుసార్లు పాడినా అందకపోతే సంగతిని కాస్త సులువు చేసి పాడతాడు. రికార్డు ఆపదు, మార్చదు. ఎదుట ఉన్నది ఎవరో దానికి తెలియదు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి పరంపర నేరుగా త్యాగరాజస్వామి దాకా వెళ్తుంది. ఆయన దగ్గర నేర్చుకున్న బాలమురళీకృష్ణ గారు గురువు గారి నకలు కాలేదు. కొత్త రాగాలు కట్టారు. నాలుగు స్వరాలతోనే రాగం నిలబెట్టారు. కొందరు తీవ్రంగా ఆక్షేపించినా వెనక్కి తగ్గలేదు. మనిషి దగ్గర నేర్చుకుంటే వచ్చే స్వేచ్ఛ అది. ఇంకో సంగతి. మీరు ఫోన్‌లో వేగం సగానికి తగ్గించి వింటారు. గమకం ఆకారం కాలప్రమాణంతో ముడిపడి ఉంటుంది. తోడిలో గాంధారాన్ని సగం వేగంలో విని, స్వరాలుగా విడగొట్టి, మళ్లీ వేగం పెంచి అతికిస్తే స్వరాలన్నీ వస్తాయి, తోడి రాదు.

గిటారిస్టు: ఆ ప్రమాదం మా వైపూ ఉంది. జాజ్‌లో స్వింగ్ అంటారే, ఆ ఊపు కూడా వేగం తగ్గిస్తే చెదిరిపోతుంది. కాగితం మీద రాస్తే అసలే నిలవదు. దానికి మందు అక్కడివాళ్లే కనిపెట్టారు. లెనీ ట్రిస్టానో అని చూపులేని పియానో విద్వాంసుడు న్యూయార్క్‌లో పాఠాలు చెప్పేవాడు. శిష్యులు లెస్టర్ యంగ్ సోలోను ముందు గొంతుతో పాడి వినిపించాలి. అది కుదిరాకే వాద్యం మీద వాయించాలి. మీరు సరేనంటే ఆ అమ్మాయికీ ఆ నియమమే పెడదాం. అసలు వేగంలో వినాలి, నోటితో పాడాలి, ఆ తర్వాతే కమాను ఎత్తాలి.

మాస్టారు: పాడి వాయిస్తే నా అభ్యంతరం సగం తీరుతుంది. గొంతులోకి వచ్చినది కొంతైనా సొంతమవుతుంది. మిగతా సగం అలాగే ఉంది.

గిటారిస్టు: ఆ సగానికి షేక్ చినమౌలానా గారు జవాబు చెబుతారు. 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో, తరాలుగా నాదస్వరం వాయించే ఇంట్లో పుట్టారు. మన ఆంధ్ర సంప్రదాయంలో పెరిగారు. టి.ఎన్. రాజరత్నం పిళ్లై నాదస్వరం వినగానే మనసు అటు లాగేసింది. ఆ తంజావూరు బాణీని నాచ్చియార్‌కోయిల్ విద్వాంసుల దగ్గర నేర్చుకున్నారు. చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. ఇంకొకరి బాణీని ప్రేమించి అందుకోబోయినందువల్ల ఆయన చిన్నవారు కాలేదు. ఆ బాణీ పుట్టిన నేలవాళ్లే ఆయన్ను నెత్తిన పెట్టుకున్నారు.

మాస్టారు: ఆయన పేరు వింటేనే చేతులు జోడిస్తాను. కానీ ఆయన విని ఇంట్లో కూర్చోలేదు. ఆ సీమకు వెళ్లి గురువుల ఎదుట కూర్చున్నారు. ఊరు మార్చుకున్నారు, తన బతుకునే అటు తిప్పుకున్నారు. దాన్నే నేను బాట అంటున్నాను. ఇంకో భయమూ ఉంది. ఒక్క మహానుభావుడి నాదం అందరికీ ఆదర్శమైపోతే మిగతా బాణీలు పలచబడతాయి. మన పక్క పెళ్లిళ్లకు వచ్చే మేళాల్లో ఊరికో పోకడ వినిపించేది. నాదస్వరం వినగానే ఏ ఊరి మేళమో పెద్దవాళ్లు చెప్పేసేవారు. జాజ్‌లో మాత్రం? రికార్డులూ రేడియో దేశమంతా పాకాక, న్యూ ఆర్లీన్స్ పలుకు, కాన్సస్ సిటీ పలుకు అని విడివిడిగా వినిపించడం తగ్గలేదా?

గిటారిస్టు: తగ్గింది. ఆ నష్టాన్ని కాదనను. కానీ మీ ద్వారం వెంకటస్వామి నాయుడు గారి బాణీ ఇవాళ ఎలా బతికి ఉంది? విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైనప్పుడు వయొలిన్ ఆచార్యులుగా చేరారు. 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. 1964లో కన్నుమూశారు. ఎదుట కూర్చుని నేర్చుకున్న తరం కూడా దాదాపు తరిగిపోయింది. ఆ కమాను ఎలా నడిచేదో ఎంత వర్ణించి చెప్పినా, పాత ప్లేటు ఒక్కసారి విన్నదానితో సాటి రాదు. రికార్డు బాణీలను చెరిపేస్తుందన్నారు. చెరగకుండా కాపాడిందీ అదే.

మాస్టారు: అక్కడ నా దగ్గర జవాబు లేదు. ఆయన కమాను నా చెవిలో నిలిచింది ప్లేట్ల వల్లే. అయినా ఒకటి చెబుతాను. ఆ పాత ప్లేటు ఒక్కో వైపు మూడు నిమిషాలు, మరి కాస్త. రాగాన్ని గంటసేపు ఎలా నడిపేవారు, ఎక్కడ తటపటాయించేవారు, దారి ఎలా దొరకబుచ్చుకునేవారు, అవేవీ అందులో లేవు. ప్లేటులో ఉన్నది తేలిన సంగీతం. మనోధర్మం నేర్చుకునేవాళ్లకు కావలసింది తేలకముందు జరిగిన వెతుకులాట. సోనీ రాలిన్స్ అప్పటికే పేరుమోసిన సాక్సోఫోన్ విద్వాంసుడు. తన వాద్యం తనకే చాలలేదని 1959లో కచేరీలు మానేశాడు. న్యూయార్క్ విలియమ్స్‌బర్గ్ వంతెన మీదకు వెళ్లి ఒంటరిగా సాధకం చేశాడు. 1961లో గాని తిరిగి రాలేదు. ఆ తర్వాత వచ్చిన రికార్డుకు 'ది బ్రిడ్జ్' అని పేరు. అతని సోలోలు నువ్వు నేర్పు, కాదనను. కానీ ముందు ఆ వంతెన సంగతి నేర్పు.

గిటారిస్టు: ఇక్కడ మాత్రం మీతో గట్టిగా విభేదిస్తాను. బాట తీసుకోమంటున్నారు. పార్కర్‌ది కూడా ఒక బాటే కదా! హెరాయిన్‌కు బానిసై 1955లో ముప్పై నాలుగేళ్లకే పోయాడు. అతని సంగీత రహస్యం ఆ మత్తులో ఉందని నమ్మి సూది పట్టిన కుర్రాళ్లు ఉన్నారు. మీరు చెప్పిన రాలిన్స్ కూడా ఆ ఊబిలో దిగినవాడే. మానెయ్యమని పార్కరే అతణ్ని మందలించాడు. రాలిన్స్ కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్ ఆసుపత్రిలో చేరి బయటపడ్డాడు. తాను మారానని పార్కర్‌కు చూపించాలనుకున్నాడు. ఈలోగా పార్కర్ పోయాడు. స్వరాలను అనుకరించి చచ్చినవాళ్లు లేరు మాస్టారూ, జీవితాన్ని అనుకరించి చచ్చినవాళ్లు ఉన్నారు. గొప్పవాళ్ల కథలో ఏది సాధన, ఏది దురదృష్టం అని పదహారేళ్ల పిల్లకు ఎలా తెలుస్తుంది? సోలో తీసేటప్పుడు ఆ గొడవ లేదు. అక్కడ ఉన్నది సంగీతం ఒక్కటే.

మాస్టారు: ఇది బరువైన మాట. బాట అని నేను ఎంత సులువుగా అన్నా, దాన్ని ఏరి చూపించే మనిషి లేకపోతే అపాయమే. కానీ దానికి మందు కథను దాచిపెట్టడం కాదు, పూర్తిగా చెప్పడం. జాన్ కోల్ట్రేన్ మత్తు కారణంగానే 1957లో మైల్స్ డేవిస్ బృందంలో చోటు పోగొట్టుకున్నాడు. ఆ ఏడాదే దాన్ని వదిలించుకున్నాడు. 'ఎ లవ్ సుప్రీమ్' లాంటి గొప్ప సంగీతం ఆ తర్వాత వచ్చింది. మత్తు సంగీతాన్ని ఇవ్వలేదనీ, దాన్ని వదిలాకే సంగీతం విస్తరించిందనీ కోల్ట్రేన్ జీవితం చెబుతుంది. స్వరాలు మాత్రమే ఇచ్చి ఊరుకుంటే ఆ పిల్లకు ఈ సంగతి ఎవరు చెబుతారు?

గిటారిస్టు: కథ పూర్తిగా చెప్పాలన్నది ఒప్పుకుంటున్నాను. ఇక మన ఊరి సంగతి చూడండి. రాలిన్స్ రెండేళ్లు కచేరీలు మానుకోగలిగాడు. వెంకటాచలంలో ఎవరు మానుకోగలరు? ఈ అమ్మాయి రేపు కాకుటూరు యూనివర్సిటీలో చేరుతుంది, లేదంటే కృష్ణపట్నం రేవు పక్కన ఏ ఆఫీసులోనో ఉద్యోగం వెతుక్కుంటుంది. సాయంత్రం కాసేపు దొరికితే గొప్ప. డిసెంబరు కచేరీలు వినాలంటే చెన్నై మూడు గంటల ప్రయాణం. జాజ్ చెప్పే గురువు ఇక్కడ ఎవరున్నారు? ఎదుట కూర్చునే భాగ్యం లేనివాళ్లకు రికార్డు ఒక్కటే దిక్కు. నెల్లూరివాళ్లం గర్వంగా చెప్పుకునే గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, మన బాలు గారు శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదు. తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. ఆ ఇంట్లో వినికిడే విద్య. ఆ చెవితోనే 'శంకరాభరణం' సినిమా పాటలు పాడి జాతీయ అవార్డు అందుకున్నారు.

మాస్టారు: ఆ పాటల వెనక సంగీత దర్శకులు కె.వి. మహదేవన్ గారి సహాయకులు పుహళేంది గారు ఉన్నారు. ఆయన దగ్గరుండి నేర్పారు, సాధకం చేయించారు. అక్కడా చెవికి తోడుగా ఒక మనిషి ఉన్నాడు. ఇంకా పెద్ద సంగతి ఒకటుంది. బాలు గారు వచ్చేనాటికి తెలుగు సినిమాలో మగగొంతు అంటే ఘంటసాల గారిదే. ఆయనలా పాడేవాళ్లు ఊరూరా ఉన్నారు. ఈయనా ఆ దారిలోనే పోయి ఉంటే మనం ఇవాళ ఆయన పేరు ఇలా తలుచుకునేవాళ్లమా?

గిటారిస్టు: ఇంకొకరి నీడలోకి వెళ్లినంత మాత్రాన అక్కడే ఉండిపోవాలని లేదు. మైల్స్ డేవిస్ 1944లో న్యూయార్క్ వచ్చినప్పుడు డిజీ గిలెస్పీలా ట్రంపెట్‌ను తారస్థాయిలో మెరుపువేగంతో వాయించాలనుకున్నాడు. చేతకాలేదు. తన చెవి మధ్యస్థాయిలో తక్కువ స్వరాలతో మాట్లాడుతుందని ఆ ప్రయత్నంలోనే తెలుసుకున్నాడు. 1959లో వచ్చిన 'కైండ్ ఆఫ్ బ్లూ'లో మనం వినే ఆ నిదానం, అనుకరణలో ఓడిపోయిన మనిషి సంపాదించుకున్నది.

మాస్టారు: నా భయమంతా ఇక్కడే ఉంది. మైల్స్ ఓడాడు కాబట్టి బాగుపడ్డాడు. ఈ అమ్మాయి ఓడదు. దాని చెవి చురుకైనది, చెయ్యి చెప్పిన మాట వింటుంది. శ్రీనివాస్ గారి ప్రయోగాన్ని అచ్చు దించేస్తుంది. జనం చప్పట్లు కొడతారు. అవి తనకే అనుకుంటుంది. అనుకరించడం చేతకానివాళ్లకు ప్రమాదం తక్కువ, బాగా చేతనైనవాళ్లకే ఎక్కువ. నారుమడిలో నారు ఎన్నాళ్లు ఉండాలో మన మాగాణి రైతుకు తెలుసు. ముదిరిన నారు నాటితే పిలకలు వేయదు. ఈ పిల్లను ఆ మడిలోంచి ఎప్పుడు తీయాలో నువ్వు చెప్పగలవా?

గిటారిస్టు: రోజు చెప్పలేను, గుర్తు చెప్పగలను. తాను తీసిన సోలోలో ఒకచోట ఆగి, ఇక్కడ నేనైతే ఇలా వెళ్లను అని చెవి అడ్డుచెబుతుంది చూడండి, ఆ రోజు. ఆ అభ్యంతరమే సొంత బాణీకి మొదలు. కానీ అలా అడ్డుచెప్పాలంటే ఇంకొకరి సంగీతంలోకి చాలా లోతుగా వెళ్లి ఉండాలి. పైపైన విన్న చెవి దేనికీ అభ్యంతరం చెప్పదు.

మాస్టారు: ఆ అభ్యంతరం వినపడనివ్వకుండా చేసేవి చప్పట్లే. అందుకే నా షరతు ఇది. రికార్డుల్లోంచి తీసినది సాధకం చేసే గదిలోనే ఉండాలి, కచేరీలోకి రాకూడదు.

గిటారిస్టు: ముందు పాడాలన్నది మనిద్దరికీ సమ్మతమే. కథ పూర్తిగా చెప్పాలన్న మాటా ఒప్పుకున్నాను. ఈ షరతు మాత్రం ఒప్పుకోలేను. వెస్‌కు మొదటి జీతం ఇప్పించినవి క్రిస్టియన్ సోలోలే. నాలుగు గోడల మధ్య అన్నీ తనకు సరిపోయినట్టే ఉంటాయి. పదిమంది ఎదుట వాయించినప్పుడు ఏది తనది కాదో వాయించేవాడికి తెలుస్తుంది. గురువు చెప్పిన సంగతులను మార్చకుండా వేదిక మీద వినిపించడం మీ సంప్రదాయంలో గౌరవం. శ్రీనివాస్ గారి ప్రయోగాన్ని వినిపిస్తే అదెలా తప్పవుతుంది?

మాస్టారు: గురువు చెప్పిన సంగతి కృతికి చెందింది. కృతి అందరిదీ, ఎవరు పాడినా అదే. రాగాలాపన, కల్పనాస్వరం అలా కాదు. అవి ఆ పూట ఒక మనిషికి తోచినవి. వాటిని ఇంకొకరు కంఠస్థం చేసి, ఇప్పుడే తోచినట్టు వినిపిస్తే వినేవాళ్లకు అబద్ధం చెప్పినట్టే. మీ జాజ్ సోలో కూడా తోచినదాన్ని అప్పటికప్పుడు వినిపించే కళే కదా? ఆ కళను నమ్మినవాడివి ఈ అబద్ధాన్ని ఎలా భరిస్తావు?

గిటారిస్టు: తోచడం ఎక్కణ్నుంచి వస్తుంది మాస్టారూ? పార్కర్ తొలినాళ్ల సోలోల్లో లెస్టర్ వాక్యాలు వినిపిస్తాయి. ఎన్నో ఏళ్లు విన్నవీ, తీసినవీ, వాయించినవీ లోపల కలిసిపోతేనే ఒక పూట ఏదో కొత్తగా తోస్తుంది. దాన్ని మీరు అబద్ధం అంటే, ఆ అబద్ధం మీదుగా రాకుండా నిజం దగ్గరికి చేరిన విద్వాంసుణ్ని నాకు ఒక్కణ్ని చూపించండి.

మాస్టారు: చూపించలేను. కానీ అక్కణ్నుంచి నిజం దాకా చేరింది కొందరే. ఈ పిల్ల ఆ కొందరిలో ఉంటుందో లేదో నీకూ తెలియదు, నాకూ తెలియదు. తెలియనప్పుడు ఆగమని చెప్పడం గురువుగా నా ధర్మం.

గిటారిస్టు: ఆగమని చెప్పడానికీ ఒక ఖరీదు ఉంది. పదహారేళ్లప్పుడు ఉన్న ఆకలి ఇరవై ఆరేళ్లకు ఆ చెవిలో ఉంటుందని ఎవరు పూచీ పడతారు? ఇప్పుడు ఆపేస్తే, సొంత బాణీ రాకపోవడం అటుంచి, అసలు ఏ బాణీ లేకుండానే మిగిలిపోవచ్చు.

మాస్టారు: పదహారేళ్లప్పుడు వచ్చిన చప్పట్లు ఇరవై ఆరేళ్లకూ వదలవు నాయనా. ఇంటికి రికార్డు ఇవ్వు, కాదనను. వేదిక విషయంలో మాత్రం నేను వెనక్కి తగ్గను.

గిటారిస్టు: నేనూ తగ్గను మాస్టారూ. మళ్లీ అడుగుతాను.